కుడిపక్క నరం

బరంపురం స్టేషను దాటి రైలు ఇంకా ఊపందుకోలేదు, వైకుంఠరావుకి మళ్లీ ఒంటికి వెళ్లాలనిపించింది. ఇంట్లో బయల్దేరే ముందు వెళ్లాడు, ప్లాట్‌ఫారం మీద వెళ్లాడు, వెళ్లినా వచ్చేది నాలుగు చుక్కలేనని తెలుసు, అయినా ఆ పాడు పిలుపు ఆగదు, చాన్నాళ్లుగా ఇదే వరస. లేచి నిలబడితే ఎదురుగా కూర్చున్న కూతురు ఇంద్రజ ఫోన్లోంచి తలెత్తి "మళ్లీనా నాన్నా?" అంటుంది, బ్యాంకులో పని కదా, కౌంటరు అవతలి మనిషికి వినపడేలా మాట్లాడ్డం అలవాటు, ఆ మాట నాలుగు సీట్ల దాకా పోతుంది. అందుకని బిగబట్టుకుని కూర్చున్నాడు. పక్కన కిటికీ దగ్గర భార్య వరహాలమ్మ. బయట ఏం కనిపిస్తోందో గానీ కళ్లు అక్కణ్ణించి తిప్పడం లేదు. రేపు ఈపాటికి తను భువనేశ్వర్ ఆసుపత్రిలో బల్ల మీద ఉంటాడు, తల కిందికి వాలేలా పడుకోబెడతారట, పొట్టకి చిల్లులు పెట్టి మరచేతులు లోపలికి దింపి, కేన్సరు పట్టిన ప్రోస్టేటు గ్రంథిని కోసి బయటికి తీస్తారట. బజార్లో మాత్రం హెర్నియా అని చెప్పాడు. పసుపు మార్కెట్లో అందరూ నమ్మారు. హెర్నియా గౌరవమైన జబ్బు, బస్తాలు ఎత్తే చోట ఎవరికైనా వస్తుంది. ఇది అలా కాదు, దీని పేరు చెప్తే ఎదుటివాడి చూపు ఒక్క క్షణం మొహం మీంచి కిందికి జారుతుంది. ఆ ఒక్క క్షణం భరించలేకే ఆ అబద్ధం.

పోనీ జబ్బుకి పడే సిగ్గు ఏదోలా సర్దుకోవచ్చు. జీవితమంతా బావి దగ్గర తువ్వాలు విప్పకుండా స్నానం చేసినవాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి, మోకాళ్లు గడ్డానికి ఆనించమని, వెనకనుంచి గొట్టం పెట్టి ముక్క తీశారు, గదిలో ఇద్దరు ఆడపిల్లలు కూడా ఉన్నారు, గోడకున్న టీవీలో తన లోపలిదంతా బూడిదరంగులో కనపడింది, అదీ సర్దుకున్నాడు. అసలు సిగ్గు కిందటిసారి డాక్టరు గదిలో జరిగింది. డాక్టరు ఫణిభూషణ్ వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు, బాబాయి అన్నట్టు మౌసా అని పిలుస్తాడు, కాగితం మీద గుండ్రంగా గ్రంథి బొమ్మ గీసి దాని రెండు పక్కలా రెండు గీతలు గీశాడు. ఇవి నరాలు మౌసా, గ్రంథిని అంటిపెట్టుకుని వెంట్రుకల్లా ఉంటాయి, మగతనం వీటి మీదే నిలబడి ఉంటుంది, అన్నాడు ఒడియాలో, ఏమీ దాచకుండా. ఎడమపక్క జబ్బు అంచుదాకా వచ్చేసింది, ఆ నరం పోతుంది. కుడిపక్క ఖాళీగా ఉన్నట్టుంది, గ్రంథిని ఒలిచి ఆ నరాన్ని వదిలెయ్యొచ్చేమో. ఏమో అని ఎందుకంటున్నానంటే రోబోతో చేసేటప్పుడు నా చేతికి ఏదీ తగలదు, గట్టిదేదో మెత్తదేదో తెలీదు, కన్నే దిక్కు. అందుకని ఆపరేషను నడుస్తుండగానే వెనకనుంచి అల్ట్రాసౌండు గొట్టం పెట్టి ఉంచుతాం, లోపలి బొమ్మ నా కళ్ల ముందు పక్కనే కనపడుతుంది, జబ్బు ఎక్కడిదాకా ఉందో చూస్తూ కోస్తాను. పూచీ ఏం లేదు, వదిలినా పనిచెయ్యకపోవచ్చు, వదిలినచోట జబ్బు పిసరంత మిగిలే ప్రమాదమూ ఉంటుంది. మీరేమంటారు?

ఏమంటాడు? ఒక పక్క కూతురు, ఒక పక్క భార్య. ఇంద్రజ చప్పున ఫైల్లో తల దూర్చింది, చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులు చూశాడు వైకుంఠరావు, అంతే, నోరు దానంతటది వాగేసింది. "అయ్యో, నాకెందుకండీ అవన్నీ! మనవలున్నవాణ్ణి. ఆ ముచ్చటలు ముగిసిపోయి ఎన్నేళ్లయింది! రెండూ తీసి పారెయ్యండి, గొట్టాలూ వద్దు బొమ్మలూ వద్దు" అని నవ్వాడు కూడా. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. డాక్టరు నవ్వలేదు. వరహాలమ్మ లేచి, నీళ్లు తాగొస్తానని బయటికి వెళ్లింది. ఆమె సంచిలో నిండు సీసా ఉంది, సంచి కుర్చీ మీదే ఉంది, ఆ సంగతి తనకీ తెలుసు. తర్వాత వెలుపల స్మిత అనే జూనియరు డాక్టరమ్మ నంబరు ఇచ్చి, ఆ స్కాను మిషను ఇంకో థియేటరుతో కలిపి వాడతాం మౌసా, బొమ్మలు చదివే డాక్టరు కూడా ఉండాలి, మనసు మార్చుకుంటే ఆపరేషనుకి ముందురోజు మధ్యాహ్నంలోపు ఫోను చెయ్యండి, ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు, అంది. ముందురోజంటే ఈరోజే.

ఆ రాత్రి నుంచి వరహాలమ్మ హాల్లో పడుకుంటోంది. గదిలో గాలి రావట్లేదట. మాట్లాడ్డం మానలేదు, మానితే అదో దారి, దెబ్బలాడొచ్చు. మాత్రేసుకోండి, అన్నం పెట్టానండి, కరెంటోడు వచ్చాడండి, ఇంతే, హోటలువాడు మాట్లాడినట్టు. గాలి రావట్లేదన్న మాట వినగానే వైకుంఠరావు గుర్తుపట్టాడు, అది ఆమె మాట కాదు, తన తల్లి గౌరమ్మ మాట. పెద్దబజారులో ఉమ్మడి ఇంట్లో గౌరమ్మకి ఆయాసం, అందుకని గాలి కోసం మంచం నడవలో వేయించుకునేది, ఆ నడవలో అంత చోటుండగా సరిగ్గా కొత్త పెళ్లికొడుకు గది గుమ్మానికి అడ్డంగా. తలుపుకి లోపల గడియ లేదు, కీచుమనే మడతబందులు మాత్రం ఉన్నాయి. తమ్ముళ్లు, మరదళ్లు, పిల్లలు, ఎవరు దగ్గినా ఎవరికి జలుబు చేసిందో ఇంటిల్లిపాదికీ తెలిసేది. ఆ కాపలాలో ఇంద్రజ పుట్టడమే పెద్ద వింత.

ఛత్రపురం దాటింది రైలు. ఎదురు సీట్లో ఇంద్రజ పక్కనున్న ఒడియా పెద్దమనిషి పొట్లం విప్పి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు, ఒలిచి పొట్టు ఊది పారేస్తున్నాడు. ఒలిచి వదిలెయ్యొచ్చేమో అన్నాడు డాక్టరు. రైలు రుషికుల్య వంతెన మీదికి ఎక్కగానే చప్పుడు మారింది, కింద ఇసుక, మధ్యలో సన్నగా నీళ్లు. చేతికి తగలదు, కన్నే దిక్కు. వైకుంఠరావు బతుకంతా దానికి ఎదురు. కొండల మీంచి పసుపు దిగే రోజుల్లో దళారి గున్నయ్య వచ్చేవాడు, బస్తా ముందు ఇద్దరూ గొంతుక్కూర్చుని, మధ్య భుజం మీది తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని బేరం చేసేవాళ్లు. చుట్టూ పదిమంది ఉన్నా ధర ఎవరికీ తెలీకూడదు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎక్కడ నొక్కితే సగం, అన్నీ చేతికే తెలుసు, మొహాలు మాత్రం ఊరి కబుర్లు చెప్పుకుంటూ ఉండేవి. ధర నచ్చకపోతే చెయ్యి లాక్కుంటారు. నచ్చితే పిడికిలంతా పట్టుకుంటారు. నోటి మాట ఉండదు. నోటితో చెప్పకపోవడమే ఆ వ్యాపారంలో మర్యాద, ఆ మర్యాదే తన ఒంట్లో జీర్ణించుకుపోయిందేమో. ఎప్పుడు నోరు విప్పాల్సి వచ్చినా తను చెప్పింది అబద్ధమే.

వరహాలమ్మకీ ఆ బేరం తెలుసు. పర్లాకిమిడిలో ఆమె తండ్రిది చింతపండు వ్యాపారం, చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని తువ్వాలు కింద చెయ్యి దూర్చి ఆడుకునేదట. పెళ్లయిన కొత్తలో కాఫీ గ్లాసు అందిస్తుంటే, నడవలో గౌరమ్మ కళ్లు పెట్టుకు చూస్తుండగానే, గ్లాసు కింద ఆమె మధ్యవేలు ఒక్కసారి నొక్కేవాడు. అంటే మధ్యాహ్నం, వెనక గోడౌను. మొదటిసారి గ్లాసు తొణికింది. రెండోసారి తొణకలేదు. పసుపు బస్తాల మధ్య వేడికి ఊపిరాడేది కాదు, దుమ్ము ముక్కుల్లోకి పోయి తుమ్ము వస్తే ఇద్దరూ ఒకరి నోరొకరు మూసుకునేవాళ్లు, ఎంత నవ్వు వచ్చేదో. ఒకరోజు ఆమె తల దువ్వుకుంది, చీర సర్దుకుంది, వెన్ను చూసుకోవడం మర్చిపోయింది. జాకెట్టు వెనకంతా పసుపు. నడవలో అత్తగారు ఆపింది. తిప్పి చూసింది. ఆడవాళ్లందర్నీ పిలిచింది. "పట్టపగలు గోడౌన్లో నీకేటి పని? ఎవుడున్నాడక్కడ?" అని అరిచింది. వైకుంఠరావు అప్పుడే వీధి గుమ్మంలోంచి ఏమీ ఎరగనట్టు వస్తున్నాడు. తల్లి అటు తిరిగింది, "ఏరా, నువ్వున్నావేటి?" అంది. లేనమ్మా, బజార్లో ఉన్నాను, అన్నాడు.

అంతే. ఒక్క మాట. గౌరమ్మకి నిజం తెలీదా, తెలుసు, కొడుకు చొక్కా చేతికి కూడా పసుపే ఉంది. కానీ తను ఆ మాట అన్నాక ఆ నడవలో వరహాలు ఒక్కత్తే నిలబడిపోయింది. పరాయి మగాడితో ఉందని ఎవరూ అనలేదు, ఉందేమో అన్నట్టు అందరూ చూశారు, ఆ చూపుల మధ్యనుంచి తల వంచుకుని నూతి దగ్గరికి నడిచింది, జాకెట్టు ఉతుక్కోడానికి. పసుపు ఉతికితే పోతుందా, ఎండలో వేస్తేగాని పోదు. దండెం మీద రెండు రోజులు వేలాడింది ఆ జాకెట్టు. ఆమె ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత కాఫీ గ్లాసు చేతికివ్వడం మానేసి ముక్కాలిపీట మీద పెట్టడం మొదలెట్టింది, ఏళ్ల తరబడి అలాగే పెట్టింది.

గంజాం ఊరు పోయింది, హుమ్మా ఉప్పుమళ్లు వచ్చాయి, ఎండకి కళ్లు చికిలించాల్సి వచ్చింది. తల్లి పోయాక, వాటాలు పడ్డాక, ఊరి చివర అంకులిలో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు, అల్లుడిది ఆ పక్కపేట హల్దియాపదర్, కూతురు దగ్గరే ఉంటుందని. సామాన్లు దింపిన రోజు వరహాలమ్మ పడగ్గది తలుపు వేసి గడియ పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. కొత్త గడియ నల్లగా నిగనిగలాడుతోంది. "ఇంక ఎవులికీ బయపడక్కర్లేదేటండీ?" అంది. అప్పటికి ఆమెకి మోకాళ్ల నొప్పులు, తనకి కళ్లద్దాలు. ఏదో నవ్వులాటకి చెయ్యి పట్టుకున్నాడు, మధ్యవేలు నొక్కాడు. ఆమె చెయ్యి లాక్కోలేదు. అలా మొదలైంది, ఈ వయసులో, ఎవరికి చెప్పుకుంటాం. పిల్లల్ని కనే వయసులో దొంగల్లా గడిపినవాళ్లు ఈ వయసులో మొగుడూ పెళ్లాల్లా గడిపారు. లైటు ఆర్పకుండా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆమె ఎడమ భుజం మీద పుట్టుమచ్చ ఉందని అరవై దాటాక తెలిసింది వైకుంఠరావుకి. ఈ కాలమంతా ఆమె తనని క్షమించిందనే అనుకున్నాడు, ఆ కాఫీ గ్లాసు కూడా మళ్లీ చేతికే ఇస్తోంది. అదంతా పట్టుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టి, ఎన్నడో ముగిసిపోయింది అన్నాడు. మళ్లీ అదే. బజార్లో ఉన్నాను.

పోనీ ఇప్పుడు చెప్తే? చెప్తే ఇంద్రజ ఏమనుకుంటుంది, ముసలాడికి చావు ముంచుకొస్తుంటే సోకులు కావలసి వచ్చాయి అనుకోదా. ఆ నరం వదిలి, ఆ వదిలినచోట జబ్బు మిగిలి, రెండేళ్లకి మళ్లీ పైకి లేస్తే, దీనికోసమే కదా అని లోకం అనదా. లోకం దాకా ఎందుకు, ఆమే అంటే? ఆమెకి అసలు కావాలో వద్దో తనకేం తెలుసు, ఎప్పుడైనా అడిగాడా. రెండూ తీసెయ్యమని చెప్పేముందు ఒక్కసారి పక్కకి తిరిగి చూశాడా. పసుపు బస్తా అమ్మేటప్పుడైనా తమ్ముణ్ణి అడిగేవాడు. ఫోను కుయ్యిమంది. స్మిత మెసేజీ, ఒడియా మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, అడ్మిషనుకి ఎప్పుడు చేరుకుంటారు, మిషను వద్దన్నట్టే రాసుకోమంటారా. జవాబు కొట్టబోయాడు. వేలు ఆగిపోయింది. ఎండకి తెర కనపడక కాదు.

రంభ దగ్గర కొండల వెనకనుంచి చిలికా ఒక్కసారి బయటపడింది, పెట్టెలో పిల్లలు కిటికీల దగ్గరికి పరిగెత్తారు. ఆ సందట్లో వైకుంఠరావు భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో వేసుకున్నట్టే వేసుకుని, దాని అంచు వరహాలమ్మ చేతిమీదికి జరిపాడు. కింద ఆమె చెయ్యి దొరికింది. చల్లగా ఉంది. మధ్యవేలు పట్టుకున్నాడు, మొహం చిలికా వైపు పెట్టుకుని, నీళ్లు బాగా ఉన్నాయే ఈ ఏడు, అన్నాడు పైకి. వేలు నొక్కాడు. ఆమె చెయ్యి లాక్కుంది.

తువ్వాలు జారి కింద పడింది. వరహాలమ్మ కిటికీ వైపునుంచి మొహం తిప్పింది, ఇన్ని రోజుల తర్వాత సూటిగా కళ్లలోకి చూసింది. "గుడ్డ కింద బేరాలు సాలు" అంది, గొంతు తగ్గించకుండా. "నోటితో సెప్పండి. మన అమ్మి ముందర కాదన్నారు, ఆ కూతురి ముందరే సెప్పండి."

ఇంద్రజ తలెత్తింది. ఒడియా పెద్దమనిషి వేళ్ల మధ్య వేరుశనక్కాయ ఆగింది. వైకుంఠరావుకి ఒంటికి వెళ్లాలనిపించింది, లేచి పారిపోవచ్చు, తలుపేసుకుని భువనేశ్వర్ దాకా అందులోనే ఉండొచ్చు. లేచాడు. లేచి, ఏమనుకున్నాడో, మళ్లీ కూర్చున్నాడు. ఫోను తీసి స్మిత నంబరు నొక్కాడు. అటునుంచి హలో వినపడింది, తెగింది, మళ్లీ వినపడింది, ఈ కొండల పక్కన సిగ్నలు దోబూచులాడుతుంది. నేను వైకుంఠరావుని, బరంపురం, రేపు ఆపరేషను, అన్నాడు ఒడియాలో, మెల్లిగా. గట్టిగా చెప్పండి మౌసా, వినపడట్లేదు. మిషను ఉంచండమ్మా, అన్నాడు. ఏ మిషను మౌసా? బొమ్మ చూసే మిషను. ఎందుకు మౌసా, మీరు వద్దన్నారు కదా, మళ్లీ చెప్పండి, తెగిపోతోంది. అప్పుడు అరిచాడు వైకుంఠరావు, పసుపు మార్కెట్లో కూడా ఎన్నడూ అరవనంత గట్టిగా, "కుడిపక్క నరం ఉంచమనండి! అబద్ధం చెప్పానమ్మా ఆరోజు, సిగ్గేసి! మాకు ముగిసిపోలేదు, నేనూ నా భార్యా బానే ఉన్నాం, ఆ నరం మాకు కావాలి!"

పెట్టెలో తలలన్నీ ఇటు తిరిగాయి. రైలు చప్పుడు తగ్గినట్టనిపించింది, లేదు, తన చెవులే మూసుకుపోయాయి. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆ ఫోను అలాగే పట్టుకుని ఉంటే వరహాలమ్మ చేతిలోంచి తీసుకుంది. ఆమె ఒడియా తనకంటే మెరుగు. "స్మితా, అమ్మా, నేను ఆయన భార్యని. డాక్టరుబాబుకి ఇలా చెప్పు. బొమ్మలో శుభ్రంగా ఉంటేనే ఉంచమను. పిసరంత అనుమానమున్నా తీసెయ్యమను, మొహమాటం అక్కర్లేదు, నాకు మనిషి ముందు. కానీ చూడకుండా మాత్రం తీసెయ్యొద్దు" అంది. అటునుంచి ఏదో అన్నారు. "ఆజ్ఞా, ఆజ్ఞా, అవును, రాసుకో" అని ఫోను కట్టేసి అతని జేబులో పెట్టింది.

ఇంద్రజ వంగి కింద పడ్డ తువ్వాలు తీసింది. వేరుశనగ పొట్టు దులిపింది, దులిపిందే దులిపింది, చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి, కళ్లు కూడా. తండ్రి వైపు చూడకుండా తల్లి ఒళ్లో పెట్టింది. "నాన్నా, ఒంటికెల్లాలంటే ఎల్లు. బిగబట్టుకోకు" అంది మెల్లిగా, మొదటిసారి, ఎవరికీ వినపడకుండా. ఒడియా పెద్దమనిషి ఒలిచిన గింజలు గుప్పెడు వైకుంఠరావు చేతిలో పోసి, తను కిటికీలోంచి నీళ్లు చూడసాగాడు. గింజలు నోట్లో వేసుకున్నాడు గానీ నమలడం చేతకాలేదు. సిగ్గు పోలేదు. ఒళ్లంతా ఉంది, మెడ దాకా మంటగా ఉంది, రేపు బల్ల మీద కూడా ఉంటుంది, కానీ దాని పక్కన ఈసారి తను ఒక్కడే లేడు. ఖల్లికోట స్టేషను పేరు పసుపు పలక మీద కనపడి వెనక్కిపోయింది. వరహాలమ్మ తువ్వాలు మడత విప్పింది. ఇద్దరి చేతుల మీదా కప్పింది, కప్పి, మొహం చిలికా వైపు తిప్పుకుంది. ఇన్నేళ్లలో ఆ మధ్యవేలు నొక్కింది ఎప్పుడూ అతనే. ఈసారి తువ్వాలు కింద ఆమె నొక్కింది.